పండరి దారిలో తోడు ఎలా దొరుకుతుంది?

పండరిపురానికి నడిచి వెళ్లాలని చాలామందికి ఉంటుంది. తెనాలి రామకృష్ణుడి కావ్యం వల్లా, 1957లో వచ్చిన ‘పాండురంగ మహాత్మ్యం’ సినిమా వల్లా అక్కడి దేవుడు పాండురంగడు మనకు బాగా తెలిసినవాడే. కానీ బయల్దేరే ముందు ఓ భయం వెనక్కి లాగుతుంది. అన్ని రోజులు, ముక్కూమొహం తెలియని జనం మధ్య, ఒక్కరమే ఎలా? ఈ భయానికి, ఏటా పండరికి నడిచే భక్తులైన వార్కరీలు ఎన్నో తరాల కిందటే ఉపాయం చూసిపెట్టారు.

ఆ నడక పేరు వారీ. ఏటా జ్యేష్ఠ బహుళంలో ఆళంది నుంచి జ్ఞానేశ్వరుడి పాదుకలు, దేహూ నుంచి తుకారాం పాదుకలు పల్లకీల్లో బయల్దేరి తొలి ఏకాదశి వేళకు పండరిపురం చేరతాయి. ఆళంది నుంచి పుణె, సాస్వడ్, జేజురి, ఫల్టణ్ మీదుగా సుమారు 250 కిలోమీటర్లు, దాదాపు మూడు వారాలు. నడిచేవాళ్లు లక్షల్లో ఉంటారు. అంత జనంలో మనిషి తప్పిపోకుండా చూసేది దిండీ.

దిండీ అంటే కలిసి నడిచే బృందం. జెండాలు పట్టినవాళ్లు, తాళాలు, మృదంగం, తలమీద తులసికోటతో ఆడవాళ్లు, వీణ పట్టిన పెద్దమనిషి, అంతా ఒక వరుస. జ్ఞానేశ్వరుడి పల్లకీ ఉన్న రథానికి ముందు 27 దిండీలు, వెనక ఇంకా ఎన్నో. ప్రతి దిండీకీ ఒక నంబరు, ఒక స్థానం. 19వ శతాబ్దంలో ఈ క్రమం ఏర్పరిచినవాడు హైబత్‌బాబా ఆర్ఫళ్‌కర్. వెనకబడినవాళ్లు ‘మాది రథం వెనక ఫలానా నంబరు’ అనగలిగితే చాలు, దారి చూపేవాళ్లకు కొదవుండదు. గుడారాలు, సామాన్లు లారీలో ముందే మజిలీకి చేరతాయి. తిండీ పడకా దిండీతోనే.

సాయంత్రం మజిలీలో దిండీలన్నీ పల్లకీ చుట్టూ చేరతాయి. తాళాల హోరులో పక్కవాళ్ల మాట వినిపించదు. అప్పుడు పల్లకీ క్రమం చూసే చోప్‌దారు చేతిలోని దండం పైకెత్తుతాడు. అంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎక్కడైనా తాళం ఇంకా మోగుతోందంటే ఆ దిండీకి ఏదో ఫిర్యాదు ఉందన్నమాట. దాని సంగతి తేల్చాకే ఆరతి. పోయిన వస్తువులు, దొరికిన వస్తువుల గురించీ అక్కడే చాటుతారు. జరిగిన అన్యాయాన్ని ఏ రోజుకారోజు అందరి ముందూ చెప్పుకునే వీలుండటం ఎంత ధైర్యమో ఆలోచించండి.

దారిలో అందరూ ఒకరినొకరు ‘మావులీ’ అని పిలుచుకుంటారు. అమ్మా అని అర్థం. చిన్నాపెద్దా లేకుండా ఒకరి కాళ్లకు ఒకరు మొక్కుతారు. అయినా ఆ పిలుపు అన్ని గీతల్నీ చెరిపేసిందనుకోలేం. సామాజిక శాస్త్రవేత్త ఇరావతీ కర్వే తాను నడిచిన దిండీలో కులాలవారీగా వేర్వేరుగా వండుకుని తినడం చూసి నొచ్చుకున్నారు, ఆ బాధను దాచకుండా రాశారు. అందుకే దిండీలో చేరేముందు మొహమాటపడకుండా అడగండి. అందరూ కలిసే తింటారా? ఆడవాళ్లు ఎందరు? వాళ్లకు గుడారం వేరుగా ఉందా? స్నానానికీ మరుగుదొడ్డికీ ఏర్పాటేమిటి? పండరిపురం ఉన్న సోలాపూర్ జిల్లాలో, తెలంగాణ నుంచి వలసవెళ్లి స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ చుట్టాలుంటే ఏ దిండీలో చేరాలో ముందుగా వాళ్లనే అడగండి.

దిండీ నంబరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. వానాకాలం కాబట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. పెద్దవాళ్లకైతే మెడలో వేయండి. అత్యవసరానికి 112 గుర్తుంచుకోండి. ఏకాదశినాడు చంద్రభాగ నది ఒడ్డునా గుడి దగ్గరా తోపులాట ఎక్కువ. అక్కడ విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

మొదటి రాత్రి గుడారంలో మీకు అటూ ఇటూ పడుకున్న ఇద్దరికీ మీ పేరు, ఊరు చెప్పండి, వాళ్లవీ అడగండి. తెల్లారి వరుసలో మీరు కనిపించకపోతే ‘ఆ మావులీ ఏదీ?’ అని ముందుగా వెతికేది వాళ్లే.