సందడికి దూరంగా సత్యనారాయణపురం

విజయవాడ: బీసెంట్ రోడ్డు రద్దీలో నలిగి వచ్చినవారికి సత్యనారాయణపురం వేరే ఊరులా తోస్తుంది. రైల్వే ఉద్యోగులు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు కాపురాలు పెట్టి స్థిరపడిన పేట ఇది. ఉదయం గుడిగంట, సాయంత్రం పిల్లల ఆటలు ఇక్కడి తీరు.

సంగీతంతో ఈ పేటకు గట్టి బంధం ఉంది. డాక్టర్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇక్కడే నివసించారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి వద్ద శిష్యరికం చేసిన ఆయన 1938లో, ఎనిమిదేళ్ల ప్రాయంలోనే బెజవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశారు. పెద్దయ్యాక నగరంలోని ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 2016లో కన్నుమూశారు.

ఒకప్పుడు ఈ పేట మీదుగా రైలు పట్టాలుండేవి. వాటిని తొలగించిన జాగాలో, 2005లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నగర నవీకరణ పథకం కింద బి.ఆర్.టి.ఎస్. రోడ్డు వచ్చింది. రాకపోకలు సులువైన మాట నిజమే. వేకువన నడకకు వచ్చేవారికీ అదే చోటు.

అయితే రైలు వచ్చే వేళ ఇంటింటా తెలిసేది. ఇప్పటి వాహనాలకు వేళాపాళా లేదు. బడి పిల్లలు, వృద్ధులు ఇటునుంచి అటు దాటాలంటే గుండె చిక్కబట్టుకోవలసిందే. మరోపక్క పెంకుటిళ్లు పోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. వాటితోపాటే అరుగులూ, వాటిమీది కబుర్లూ పోతున్నాయి.

పోయిన అరుగులు తిరిగి రావు. రోడ్డు దాటేచోట్ల వేగ నిరోధకాలైనా ఏర్పాటు చేసి, ఈ పేట ప్రశాంతతను కాపాడవలసిన అవసరం ఎంతైనా ఉంది.