ఆఫీసు గదిని మార్చే ముందు కొలవవలసినవి

2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినవి. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వెలసినవి. 2019లో నారాయణపేట వాటితో చేరినది. ఆ తరువాత ప్రభుత్వ శాఖలన్నింటికీ ఒకే చోట కార్యాలయ భవనములు లేచినవి. వనపర్తిలో 2022 మార్చిలోను, మహబూబ్‌నగర్‌లో అదే సంవత్సరము డిసెంబరులోను, సూర్యాపేటలో 2023 ఆగస్టులోను అవి ప్రారంభమైనవి. కంపెనీల కొరకు మహబూబ్‌నగర్ సమీపమున దివిటిపల్లిలో 2023 మే 6న, నల్లగొండలో అదే సంవత్సరము అక్టోబరు 2న ఐటీ టవర్లు తెరువబడినవి. హైదరాబాదు పోకుండా సొంత ఊరి దగ్గరనే కూర్చుండి పని చేయుట మన యువతీయువకులకు కొంతవరకైనా సాధ్యమగుచున్నది.

ఇట్లు ఆఫీసులు పెరుగుచున్న కొలది ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. ఉన్న గది బాగుగా లేదు. దానిని ఎట్లు మార్చవలెను? అడ్డుగోడలు తీసివేయవలెనా? అద్దాల గదులు కట్టవలెనా? చల్లదనపు యంత్రములు ఇంకను రెండు పెట్టవలెనా? సాధారణముగా ఈ నిర్ణయము పొరుగు కంపెనీ గదిని చూచియో, సామాను అమ్మువారి చిత్రపటము చూచియో జరుగుతుంది. ఖర్చు అయిన తరువాత కూడ ఉక్క, రొద, తలనొప్పి వెనుకటి వలెనే ఉంటే ఆశ్చర్యపడుట తప్ప చేయగలిగినది ఉండదు. రోగమేదో తెలియక మందు వేసిన ఫలితమిది.

గదిని మార్చవలెనా వద్దా అనునది యజమాని నిశ్చయించవలసిన విషయము. దేనిని మార్చినచో ఏది బాగుపడునో చెప్పగలది మాత్రము భౌతికశాస్త్రము. దానికి కావలసిన సూత్రములు మన ఉన్నత పాఠశాల పుస్తకములలోనే ఉన్నవి. ఒక ఉదాహరణ తీసుకొందము. నల్లగొండలో ఒక మేడ పై అంతస్తున 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల హాలులో పన్నెండుగురు పని చేయుచున్నారని అనుకొందము. వారి ఫిర్యాదులు నాలుగు: వేడి, వెలుతురు, రొద, ఉక్క.

వేడి ఎక్కడినుండి వస్తున్నది?

మన జిల్లాలు ఇంచుమించు 16, 17 ఉత్తర అక్షాంశముల నడుమ ఉన్నవి. అందుచేత మే నెల మొదటి పది రోజులలో సూర్యుడు మధ్యాహ్నము సరిగా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఎండ అంతయు పడేది కప్పు మీదనే. దక్షిణపు గోడకు ఆ వేళ సోకే ఎండ చాల స్వల్పము. నిర్మలాకాశము ఉన్న మధ్యాహ్నము ఒక చదరపు మీటరు కప్పు మీద సుమారు 1000 వాట్ల సూర్యశక్తి పడుతుంది. పాతబడి నల్లబారిన సిమెంటు స్లాబు ఇందులో 70 పాళ్ల వరకు పీల్చుకొంటుంది. మన హాలు కప్పు 80 చదరపు మీటర్లు. కనుక అది పీల్చేది 56,000 వాట్లు. ఇందులో అధికభాగము గాలికి, ఆకాశమునకు తిరిగి పోతుంది. ఎనిమిదవ వంతు మాత్రమే గదిలోనికి దిగినదని అనుకొన్నను 7,000 వాట్లు అవుతుంది.

ఇప్పుడు మనుషుల లెక్క చూతము. ఊరక కూర్చున్న మనిషి శరీరము నుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది. పన్నెండుగురికి 1,200 వాట్లు. కంప్యూటరు ఒకటికి 80 వాట్లు చొప్పున వేసికొంటే మరి 960 వాట్లు. రెండును కలిపి 2,200 వాట్లకు లోపే. అనగా ఈ గదిని వేడెక్కించేది జనము కాదు, నెత్తి మీది కప్పు. ఆ కప్పుకు చిక్కగా తెల్లని సున్నము వేసినచో అది పీల్చే ఎండ 30 పాళ్లకు తగ్గుతుంది. పై లెక్క ప్రకారమే లోనికి దిగే వేడి 7,000 నుండి 3,000 వాట్లకు పడిపోతుంది.

చల్లదనపు యంత్రమును "ఒక టన్ను", "రెండు టన్నులు" అని అమ్ముతారు. టన్ను అనునది యంత్రము బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటలలో కరుగుటకు ఎంత వేడి కావలెనో అంత వేడిని గది నుండి తీసివేయగల శక్తి. ఇది 3,500 వాట్లకు సమానము. కనుక కప్పుకు వేసిన సున్నము మన ఉదాహరణలో ఒక టన్నుకు మించిన యంత్రము చేయు పనిని చేస్తున్నది, అదియు కరెంటు లేకుండ. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చల్లని కప్పుల విధానమును ప్రకటించుటకు ఆధారము ఈ సూత్రమే. అయితే వానకు సున్నము కొట్టుకొని పోతుంది, దుమ్ముకు మాసిపోతుంది; ప్రతి ఎండాకాలమునకు ముందు మరల వేయవలెను.

స్లాబు పీల్చిన వేడి లోపలికి దిగుటకు కొన్ని గంటలు పడుతుంది. అందుకే బయట ఎండ తగ్గిన సాయంకాలము గదిలో ఉక్క హెచ్చుతుంది. పాలమూరు పల్లెలలోని పాత మట్టి మిద్దెలు పగలు చల్లగా ఉండుటకు కారణము కూడ ఈ ఆలస్యమే. వాటి మందము అధికము గనుక పగటి వేడి లోనికి చేరునప్పటికి రాత్రి అవుతుంది. సాయంకాలపు ఎండ ఏటవాలుగా వచ్చి పడమటి కిటికీలలో దూరుతుంది. దానిని అద్దము లోపలి తెర కంటె బయట కట్టిన తడిక బాగుగా ఆపుతుంది. ఏలయనగా లోపలి తెరను తాకిన ఎండ అప్పటికే గదిలోనికి వచ్చివేసినది.

వెలుతురు ఎవరికి?

వ్రాతపనికి బల్ల మీద 300 నుండి 500 లక్సుల వెలుతురు చాలును. బయట మధ్యాహ్నపు ఎండలో ఇది లక్ష లక్సుల దాకా ఉంటుంది. కనుక లోపము వెలుతురులో లేదు, దానిని పంచుకొనుటలో ఉన్నది. కిటికీ పైఅంచు ఎంత ఎత్తున ఉన్నదో దానికి రెండు, రెండున్నర రెట్ల దూరము వరకే పగటి వెలుతురు పనికివస్తుంది. పైఅంచు 7 అడుగుల ఎత్తున ఉంటే 15 అడుగుల లోపల కూర్చున్నవారికి దీపము తప్పదు. చాల ఆఫీసులలో కిటికీ ప్రక్కన మేనేజరుకు ప్రత్యేక గది కట్టి, దినమంతా కదలక పని చేయువారిని నడుమ కూర్చుండబెడతారు. ఆ గదిని లోపలి మూలకు మార్చి బల్లలను కిటికీల వైపు జరిపినచో పైసా ఖర్చు లేకనే సగము ఫిర్యాదు తీరుతుంది. కంప్యూటరు తెర మాత్రము కిటికీకి ఎదురుగా గాని, కిటికీ వీపున గాని ఉండరాదు, ప్రక్కవాటుగా ఉండవలెను.

గోడలు తీసివేస్తే రొద తగ్గునా?

అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 1895లో కట్టిన ఒక ఉపన్యాస మందిరములో పలికిన మాట అయిదు సెకండ్లకు పైగా మ్రోగుచుండి, తరువాతి మాటను మింగివేసేది. వాలెసు సాబిను అను యువ అధ్యాపకుడు రాత్రివేళల సమీపపు నాటకశాల నుండి మెత్తలు తెప్పించి, ఒక్కొక్కటి పరచి, మ్రోత ఎంత తగ్గునో కొలిచినాడు. ఆ శ్రమ నుండి పుట్టిన సూత్రము ఇది: గది ఘనపరిమాణమును 0.16 చేత గుణించి, గదిలోని వస్తువులు ధ్వనిని పీల్చు మొత్తముతో భాగిస్తే మ్రోత నిలుచు కాలము సెకండ్లలో వస్తుంది.

మన హాలు ఘనపరిమాణము 240 ఘనపు మీటర్లు. గ్రానైటు నేల, గచ్చు గోడలు ధ్వనిని దాదాపు పీల్చవు. మనుషులతో కలిపి మొత్తము 10 యూనిట్లు అనుకొంటే మ్రోత 3.8 సెకండ్లు నిలుస్తుంది. గోడకు కొంచెము ఎడముగా 40 చదరపు మీటర్ల మందపాటి నేతగుడ్డ వ్రేలాడదీసి, అది తనపై పడిన ధ్వనిలో సగము పీల్చినదనుకొంటే 20 యూనిట్లు చేరుతవి, మ్రోత 1.3 సెకండ్లకు దిగుతుంది. పోచంపల్లి, గద్వాల మగ్గములున్న ప్రాంతములో ఇట్టి గుడ్డకు కరువు లేదు.

అడ్డుగోడలు తీసివేస్తే అందరు కలిసిమెలిసి మాట్లాడుకొందురనునది మరి ఒక నమ్మకము. హార్వర్డు పరిశోధకులు ఇద్దరు రెండు పెద్ద కంపెనీలలో దీనిని పరీక్షించి 2018లో ఫలితము ప్రకటించినారు. గోడలు పోయిన తరువాత ఎదురెదురుగా మాట్లాడుకొను కాలము సుమారు 70 పాళ్లు తగ్గినది. కంప్యూటరు ఉత్తరములు పెరిగినవి. అందరి కంట పడుచున్నప్పుడు మనిషి నోరు కట్టుకొని పనిలో తల దూర్చుట సహజమే కదా!

మూసిన గదిలో గాలి

యంత్రము పెట్టిన గదిలో చల్లదనము పోకుండ కిటికీలు బిగిస్తారు. ఆ యంత్రము చాలవరకు ఉన్న గాలినే త్రిప్పి త్రిప్పి చల్లబరచును గాని కొత్త గాలిని తేదు. మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడును, అనగా బొగ్గుపులుసు వాయువును విడుస్తాడు. పన్నెండుగురు విడిచేది 216 లీటర్లు. బయటి గాలిలో ఇది పది లక్షల పాళ్లలో 420 పాళ్లకు కొంచెము పైన ఉన్నది. గదిలో 1000 పాళ్లకు మించకుండ ఉంచవలెనంటే గంటకు సుమారు 370 ఘనపు మీటర్ల కొత్త గాలి కావలెను. అనగా హాలులోని గాలి అంతయు గంటకు ఒకటిన్నర మారు మారవలెను. 1000 పాళ్లు విషము కాదు. గాలి నిలువ ఉన్నదని తెలుపు గుర్తు మాత్రమే. ఒకరి దగ్గు, జలుబు పదిమందికి ప్రాకుట ఇట్టి గదులలోనే అధికము. గోడకు ఎత్తున ఒక చిన్న గాలి పంకా బిగించుట దీనికి చాలును.

మార్పు ఫలించినదా?

అమెరికాలో చికాగో దగ్గర హాథార్న్ అను ఫ్యాక్టరీలో 1924 నుండి వెలుతురునకు, పనికి గల సంబంధమును పరీక్షించినారు. దీపములు పెంచినను, తగ్గించినను పని పెరిగినదనియు, తమను గమనించుచున్నారన్న భావమే దానికి కారణమనియు చాలకాలము చెప్పుకొన్నారు. ఆ పాత అంకెలను 2011లో ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు మరల లెక్కించి, కథలో చెప్పినంత స్పష్టమైన ఫలితము వాటిలో లేదని చూపినారు. మనము నేర్చుకొనవలసినది ఏమనగా, కొత్తదనపు ఉత్సాహమును గాని, ఋతువు మార్పును గాని గది మార్పు ఫలముగా పొరబడరాదు. మే నెలలో తిట్టిన గదిని ఆగస్టులో మెచ్చుకొంటే ఆ మెప్పు వానకు చెందును.

కనుక క్రమము ఇట్లుండవలెను. మొదట రెండు వారములు గదిలో నాలుగు చోట్ల, దినమునకు మూడు వేళల ఉష్ణోగ్రత వ్రాయవలెను. ఎవరికి ఎక్కడ ఏమి బాధయో ఒక్కొక్కరిని విడిగా అడుగవలెను. ఊడ్చు ఆమెను, కావలివానిని కూడ మరువరాదు. తరువాత ఖర్చు లేని మార్పులు, ఆ పిమ్మట తక్కువ ఖర్చువి, చివరకు పెద్దవి చేయవలెను. ఒకేసారి అన్నియు చేసినచో ఏది ఫలించినదో తెలియదు. వీలైతే గదిలో సగము మార్చి, సగము పూర్వము వలెనే ఉంచి రెండింటిని పోల్చవలెను. ఒక్క మార్పునకు మాత్రము పరీక్ష అక్కరలేదు. చక్రాల కుర్చీలో వచ్చువారికి వాకిట వాలు దారి ఉండవలెను. ఒక అడుగు ఎత్తునకు పన్నెండు అడుగుల పొడవు వేయవలెను.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తమ పాఠశాలలోనే చేయించవచ్చును. రెండు ఉష్ణమాపకములు, ఒక బస్తా సున్నము, కప్పు ఒకే విధముగా నున్న రెండు తరగతి గదులు చాలును. మార్చి నెలలో ఒక గది కప్పుకు సున్నము వేసి, రెండు గదుల ఉష్ణోగ్రతను మధ్యాహ్నము మూడు గంటలకు ప్రతిదినము వ్రాయించినచో, ఏప్రిలు చివరకు విద్యార్థుల చేతిలో తమ ఊరి అంకెలు ఉంటవి. రేపు వారిలో ఒకరు ఏదో కంపెనీలో కూర్చున్నప్పుడు, "మరి రెండు యంత్రములు కొందమా?" అని యజమాని అడిగితే, "ముందు కప్పు మీదికి ఎక్కి చూతము" అని చెప్పగలుగుతారు.