ఊరినే తరలించిన ఆంధ్రరత్న

విజయవాడలో కాంగ్రెస్ వారి 'ఆంధ్రరత్న భవన్' చూసే ఉంటారు. ఆ ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో నాటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పురిట్లోనే తల్లి, మూడేళ్లకే తండ్రి పోయారు. నాయనమ్మ, బాబాయిల దగ్గర పెరిగి, ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చారు.

చీరాల-పేరాలను మునిసిపాలిటీ చేయడంతో సుమారు 4 వేలున్న పన్ను 40 వేలైంది. కట్టమన్నందుకు జైలుకెళ్లిన వారిలో ఓ వృద్ధురాలూ ఉంది! చివరికి 1921లో ఆయన మాట మీద 13 వేల మందికి పైగా ఇళ్లొదిలి, ఊరి బయట రామనగరం పాకల్లో 11 నెలలు కాపురం చేశారు.

1928లో, 39 ఏళ్లకే క్షయ ఆయన్ను బలిగొంది. ఆయన పేరు భవనం మీద నిలిచింది. మరి ఎండకూ వానకూ ఆ పాకల్లో పొయ్యి వెలిగించిన ఇల్లాళ్ల పేర్లు మనకెన్ని తెలుసు?