సందేహానికి తగిన గోష్ఠి

విద్యాభ్యాసానికి గురువు, గ్రంథం ఎంత అవసరమో, కలిగిన సందేహాన్ని నలుగురిలో పెట్టి తేల్చుకొనడం కూడా అంతే అవసరం. మన రెండు భాషల సంప్రదాయాలలోను ఇందుకు చక్కని ఏర్పాట్లు ఉన్నవి. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిది మంది ఉంటారు. సమస్య ఇచ్చేవారు వేరు, దత్తపది ఇచ్చేవారు వేరు, నిషిద్ధాక్షరి నడిపేవారు వేరు. సంబంధం లేని మాటలు మాట్లాడడానికి సైతం అప్రస్తుత ప్రసంగమనే పేరుతో ఒకరిని ప్రత్యేకంగా నియమిస్తారు. కైరో నగరంలోని అల్ అజ్‌హర్ వంటి విద్యాకేంద్రాలలో మసీదు స్తంభాల దగ్గర వేర్వేరు హల్ఖాలు కూర్చునేవి. ఒకచోట హదీసు, ఒకచోట ఫిఖ్‌హ్, మరొకచోట అరబీ వ్యాకరణం బోధించేవారు. విద్యార్థి ముందుగా తనకు కావలసిన హల్ఖా ఏదో తెలుసుకొని, ఆ తరువాతనే వెళ్ళి కూర్చునేవాడు.

నేడు మన విద్యార్థినీ విద్యార్థులు సి, జావా, పైథాన్ వంటి ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకొంటున్నారు. వారికి అంతర్జాలంలో చర్చాగోష్ఠులకు కొదువ లేదు. వచ్చిన చిక్కల్లా వాటిలో తనకు తగినదేదో ఎంచుకొనడంలోనే ఉన్నది. నిజాంపట్నంలోనో, దాని చుట్టుపట్ల పల్లెలలోనో ఉండి, ఇంటిలో కంప్యూటరు లేక, చేతిలోని ఫోనుతోనే నేర్చుకొనే విద్యార్థి తగని చోట ప్రశ్న వేస్తే ఏమి జరుగుతుంది? జవాబు రాదు, లేదా ఎగతాళి వస్తుంది. పట్టణాలలోని విద్యార్థికి పక్క గదిలో అడగడానికి మరొకరు ఉంటారు. మనవానికి అటువంటి వారు లేరు. ఆ ఒక్క పరాభవంతో ‘ఈ విద్య మనకు రాదు’ అనుకొని అతడు దానిని విడిచిపెట్టే ప్రమాదం ఉన్నది. తెలుగు బోధించే మాకు ఈ విషయంతో ఏమి పని అని కొందరు అడుగవచ్చు. ప్రశ్నను ఎవరిని అడగాలి, ఏ మాటలలో అడగాలి అన్నది సాంకేతిక విషయం ఎంతో, భాషా విషయం కూడా అంతే అని మా మనవి.

ఇటువంటి గోష్ఠుల చరిత్ర కొంత తెలిసి ఉండడం మంచిది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 1979లో తలపెట్టిన యూజ్‌నెట్ అనే వ్యవస్థ వీటికి పెద్దన్న వంటిది. గోష్ఠులు పెరిగిపోయి ఏది ఎక్కడ ఉన్నదో తెలియకపోవడంతో 1987 నాటికి వాటి పేర్లన్నీ మార్చి, వరుసలుగా ఏర్పరచారు. కంప్యూటర్లకు ‘కాంప్’, శాస్త్రాలకు ‘సై’, సమాజ విషయాలకు ‘సోక్’ అనే మొదటి మాటలు వచ్చాయి. సి భాషకు ‘కాంప్.లాంగ్.సి’ అనే గోష్ఠి ఉండేది. గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ భాషకు 1994లో ‘కాంప్.లాంగ్.పైథాన్’ ఏర్పడింది. పేరు చూస్తే చాలు, అక్కడ ఏమి అడగవచ్చునో తెలిసేది. విదేశాలలోని తెలుగువారు కూడా అదే వ్యవస్థలో తమకొక గోష్ఠి పెట్టుకొని, ఇంగ్లీషు లిపిలోనే తెలుగు వ్రాసుకొంటూ సాహిత్యం నుండి వంటల దాకా చర్చించుకొన్నారు. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీదుగా ప్రసిద్ధమైన ఆర్.టి.ఎస్. అనే లిప్యంతరీకరణ పద్ధతి ఆ కాలపు తెలుగువారికి ఎంతో ఉపకరించింది.

మరొక ముచ్చట. అమెరికా విశ్వవిద్యాలయాలలో ఏటా సెప్టెంబరులో కొత్త విద్యార్థులు చేరి, యూజ్‌నెట్‌కు వచ్చి, అడిగిందే అడుగుతూ పాతవారిని విసిగించేవారు. నెల తిరిగేసరికి మర్యాద నేర్చుకొనేవారు. 1993 తరువాత సామాన్య ప్రజలకు కూడా ప్రవేశం దొరకడంతో కొత్తవారి రాక ఏడాది పొడుగునా సాగింది. ఆ కాలాన్ని పాతవారు ‘ముగియని సెప్టెంబరు’ అని పిలిచారు. తరచుగా వచ్చే ప్రశ్నలకు జవాబులను ఒకచోట కూర్చిపెట్టే పద్ధతి ఎందుకు బలపడిందో దీనిని బట్టి గ్రహించవచ్చును. అటువంటి పట్టికను చదవకుండా ప్రశ్న వేయడం, నోటీసు బోర్డు చూడకుండా ఆఫీసు గుమాస్తాను పరీక్ష తేదీ అడగడం వంటిది.

ఇక అసలు విషయానికి వద్దాము. గోష్ఠిని వెతకడానికి ముందు విద్యార్థి తన సందేహం ఏ శాఖకు చెందినదో గుర్తించాలి. మన రాష్ట్రంలో అనేక కళాశాలలు చాలాకాలం టర్బో సి అనే కంపైలర్ మీదనే సి భాషను బోధించాయి. ఇది బోర్లాండ్ సంస్థ 1987లో డాస్ వ్యవస్థ కోసం తెచ్చినది. ఆనాటి పుస్తకాలలోని ప్రోగ్రాములలో ‘కోనియో’ అనే హెడర్ ఫైలు, తెరను తుడిచే ‘సి-ఎల్-ఆర్-ఎస్-సి-ఆర్’ అనే ఫంక్షన్ కనిపిస్తాయి. వాటిని యథాతథంగా నేటి లినక్స్ యంత్రం మీద జి.సి.సి. కంపైలర్‌కు ఇస్తే, అటువంటి ఫైలు లేదని అది తిప్పికొడుతుంది. విద్యార్థి ‘సి భాష పనిచేయడం లేదు’ అని సి గోష్ఠిలో అడుగుతాడు. అక్కడివారు ‘ఇది సి భాష కాదు’ అంటారు. ఆ మాట కటువుగా తోచినా అసత్యం కాదు. ఆ ఫైలు ఆ కంపైలర్ సొంత సరకే గాని, సి ప్రమాణంలో భాగం కాదు. అనగా ఈ సందేహం భాషకు సంబంధించినది కాదు, కంపైలర్‌కు సంబంధించినది. ఇదే విధంగా భాష, కంపైలర్, గ్రంథాలయం అని పిలిచే లైబ్రరీ, ఆపరేటింగ్ సిస్టమ్ అనే నాలుగింటిలో చిక్కు ఎక్కడ ఉన్నదో తేల్చుకొంటే వెదుకులాట సగం ముగిసినట్లే.

మన రెండు భాషలకు సంబంధించిన ఉదాహరణ మరొకటి చూడండి. పైథాన్ 3లో ‘తెలుగు’ అనే మాటను ఇచ్చి, పొడవు చెప్పే ‘లెన్’ ఫంక్షన్‌ను పిలిస్తే అది 6 అని చెబుతుంది. మనం లెక్కించే అక్షరాలు మూడే. ఉర్దూ లిపిలో ‘ఉర్దూ’ అనే మాటను ఇస్తే 4 అంటుంది; అలిఫ్, రే, దాల్, వావ్ అని మనం చెప్పే లెక్క కూడా నాలుగే. ఉర్దూకు సరిపోయిన లెక్క తెలుగుకు ఎందుకు తప్పింది? పైథాన్‌లో లోపమేమీ లేదు. అది యూనికోడ్ సంకేతాలను లెక్కిస్తుంది. తెలుగులో త, ల, గ అనే మూడు హల్లులకు మూడు సంకేతాలు, ఎత్వానికి, రెండు కొమ్ములకు వేరే మూడు సంకేతాలు ఉన్నవి. కనుక ‘లెన్ ఏమి లెక్కిస్తుంది?’ అన్నది పైథాన్ గోష్ఠిలో అడగదగిన ప్రశ్న. ‘తెలుగు అక్షరాలను సరిగా విడదీయడం ఎలా?’ అన్నది భారతీయ లిపులపై పనిచేసేవారిని అడగవలసిన ప్రశ్న. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ వంటి వాటిలో అట్టివారు దొరుకుతారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ‘రచ్చబండ’ పేరిట ఒక చర్చాపుట ఉన్నది. వికీపీడియా పనికి సంబంధించిన సందేహాలకు అదే తగిన చోటు. పరీక్షలో వచ్చే సి ప్రశ్నలకు కాదు.

పెద్ద గోష్ఠిలో అడగాలా, చిన్న గోష్ఠిలోనా అని కొందరికి సంశయం. మన రేవు నుండి వేటకు వెళ్ళే మరపడవల సరంగులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. సముద్రం మీద వి.హెచ్.ఎఫ్. వైర్‌లెస్‌లో 16వ ఛానెల్ అందరూ వినేది. ఆపదలోను, ఒకరినొకరు పిలుచుకొనడానికి మాత్రమే దానిని వాడతారు. పిలుపు అందిన తరువాత మరొక ఛానెల్‌కు మారి మాట్లాడుకొంటారు. అందరూ 16లోనే కబుర్లు చెప్పుకొంటే ఆపదలో ఉన్నవాని కేక వినబడదు. అట్లే లక్షలాది సభ్యులున్న సాధారణ వేదిక దారి తెలుసుకొనడానికి మంచిదే. ప్రత్యేకమైన సందేహానికి ప్రత్యేకమైన చోటు కావాలి. పైథాన్ వారి అధికారిక చర్చావేదికలో సహాయం కోరేవారికి ఒక విభాగం, భాషలో మార్పులు ప్రతిపాదించేవారికి మరొక విభాగం ఉన్నవి. ప్రారంభ విద్యార్థి రెండవదానిలో ప్రశ్న వేస్తే అది అప్రస్తుత ప్రసంగమే అవుతుంది.

తగిన గోష్ఠి కనబడిన తరువాత వెంటనే ప్రశ్న వేయక, కొన్ని రోజులు మౌనంగా చదవాలని మా సలహా. అప్పుడు ఐదు విషయాలు పరిశీలించాలి.

మొదటిది, గోష్ఠి సజీవంగా ఉన్నదా? గడచిన వారంలో వచ్చిన ప్రశ్నలు ఎన్ని, వాటిలో జవాబు పొందినవి ఎన్ని అని చూడాలి. సభ్యుల సంఖ్య చూసి మోసపోరాదు.

రెండవది, జవాబులో కారణం చెబుతున్నారా? ‘ఇది వ్రాయి, పనిచేస్తుంది’ అనే జవాబుకంటె, ఎందుకు పనిచేస్తుందో చెప్పే జవాబు మేలు. ఒకరు పొరపాటు చెబితే మరొకరు దిద్దుతున్నారా అన్నది ఇంకా ముఖ్యం.

మూడవది, కొత్తవారితో ఎట్లా మాట్లాడుతున్నారు? ప్రశ్నను దిద్దడం వేరు, మనిషిని చులకన చేయడం వేరు. 2008లో ప్రారంభమైన స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇదివరకే వచ్చిన ప్రశ్నను మూసివేసి, పాత జవాబును చూపుతారు. అది అవమానం కాదు, ఆ వేదిక నియమం. ఈ తేడా తెలియక నొచ్చుకొనేవారు చాలామంది.

నాల్గవది, చర్చలు భద్రంగా నిలుస్తున్నవా, వెతికితే అందరికీ దొరుకుతున్నవా? యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతబడింది. అంతకు ఏడాది ముందే అక్కడి పాత చర్చలను తొలగించారు. వేరొకచోట దాచుకొనని గోష్ఠుల శ్రమ అంతా పోయింది. వాట్సాప్, టెలిగ్రామ్ బృందాలలో నిన్నటి మంచి జవాబు నేటి శుభోదయ సందేశాల కింద మునిగిపోతుంది. బృందం వెలుపలి వానికి అది సాధారణంగా కనబడదు.

ఐదవది, మీ నుండి ఏమి అడుగుతున్నారు? ఉద్యోగం ఇప్పిస్తామని రుసుము కోరే బృందం చదువుకు సంబంధించినది కాదు. వెంటనే బయటికి రావాలి. వాట్సాప్ బృందంలో చేరితే ఫోను నంబరు సాధారణంగా సభ్యులందరికీ తెలుస్తుంది. మన విద్యార్థినుల తల్లిదండ్రుల ఆందోళన సమంజసమైనదే. అయితే అందుకు పరిష్కారం ఆడపిల్లలను ప్రశ్న అడగనీయకపోవడం కాదు. ఫోను నంబరు బయటపెట్టకుండా, ఈమెయిల్‌తో, మారుపేరుతో చేరదగిన బహిరంగ వేదికలు ఉన్నవి. వాటిని చూపించడం పెద్దల బాధ్యత.

ఇక ప్రశ్న వ్రాయడం గురించి. చిక్కు ఏర్పడే భాగాన్ని మాత్రమే, పది పదిహేను పంక్తులకు కుదించి ఇవ్వాలి. కంప్యూటరు చూపిన దోష సందేశాన్ని ఫోటో తీయక, అక్షరం మారకుండా ఎత్తి వ్రాయాలి. ఏ భాష, ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అన్నది చెప్పాలి. ఏమి జరుగుతుందని అనుకొన్నారు, ఏమి జరిగింది, ఇంతవరకు ఏ ప్రయత్నాలు చేశారు అన్నవి మూడు వాక్యాలలో చెప్పాలి. ఇంగ్లీషు రాదని వెనుకాడవద్దు. ముందుగా ప్రశ్నను తెలుగులోనో ఉర్దూలోనో స్పష్టంగా వ్రాసుకొని, తరువాత చిన్న చిన్న వాక్యాలలో ఇంగ్లీషులోకి మార్చుకొంటే చాలు. మాతృభాషలో స్పష్టత లేని ప్రశ్నకు పరభాషలో స్పష్టత రాదు. ఇట్లా వ్రాస్తుండగానే జవాబు తమకే తట్టిందని చెప్పేవారు అనేకులు. జవాబు వచ్చిన తరువాత, అది పనిచేసిందో లేదో తెలియజేసి కృతజ్ఞత చెప్పడం మరువరాదు. తరువాత అదే చిక్కుతో వచ్చేవానికి ఆ చివరి మాటే దారి చూపుతుంది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, ఈ గోష్ఠులన్నీ ఎందుకని అడిగేవారు ఉన్నారు. స్టాక్ ఓవర్‌ఫ్లోకు వచ్చే కొత్త ప్రశ్నలు ఆ తరువాత బాగా తగ్గిన మాట నిజమే. యంత్రం విసుగు లేకుండా, అర్ధరాత్రి కూడా జవాబు చెబుతుంది. దానిని వాడుకొనడంలో తప్పులేదు. కాని అది తప్పును కూడా ఒప్పు చెప్పినంత ధీమాగా చెప్పగలదు. పక్కనుండి ‘కాదు, ఇది పొరపాటు’ అని దిద్దే రెండవ మనిషి అక్కడ ఉండడు. పైగా ఆ యంత్రాలు నేర్చుకొన్న దానిలో కొంత, ఇటువంటి గోష్ఠులలో మనుషులు ఓపికతో వ్రాసిన జవాబులే. గోష్ఠిలో విద్యార్థి నేడు అడుగుతాడు, రేపు జవాబు చెబుతాడు. ఆ ఎదుగుదల యంత్రంతో ముచ్చటించడంలో లేదు.

తెరమీది పరిచయాలు ముఖాముఖి పరిచయాలకు దారితీయడం మరొక లాభం. పైథాన్ అభ్యాసకుల అఖిల భారత సమావేశం 2009లో బెంగళూరులో మొదలై, 2023లో హైదరాబాదులో జరిగింది. మన విద్యార్థులు రేపల్లెలో రైలెక్కి అటువంటి సమావేశానికి వెళ్ళి, తమకు జవాబు చెప్పిన వారిని కలుసుకొనే రోజు రావాలని మా కోరిక.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వారానికి ఒక సాయంత్రం అసర్ నమాజు తరువాత గంటసేపు కంప్యూటరు గదిని తెరచి ఉంచితే, విద్యార్థులు తమ సందేహాలను ముందుగా తమలో తాము చర్చించుకొనగలరు. విద్యార్థినులకు వేరుగా ఒక సమయం కేటాయించవచ్చు. తేలని సందేహాలను, వాటిని ఏ గోష్ఠిలో అడిగారో, ఏ జవాబు వచ్చిందో ఒక రిజిస్టరులో తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి గ్రంథాలయంలో ఉంచవచ్చు. ఇందుకు కావలసిన ఖర్చు స్వల్పం. వచ్చే ఏడాది చేరే విద్యార్థి మొదటి రోజే ఆ రిజిస్టరు తెరచి, తనకంటె ముందు తన ఊరివారే ఈ ప్రశ్నలు అడిగారని, జవాబులు పొందారని తెలుసుకొంటాడు. ఆ ధైర్యాన్ని మన కళాశాల అతనికి ఇవ్వగలదని విశ్వసిస్తున్నాము.