బంగారం ఏ సంచిలో పెట్టాలి?

కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్‌కు ఇంటిపనికి వెళతారు. ఏళ్ల తరబడి కష్టపడతారు. తిరిగి వచ్చేటప్పుడు కూతురికి గొలుసు, పిల్లలకు బట్టలు, ఇంటికి దుప్పట్లు తెచ్చుకుంటారు. కొందరు అన్నీ ఒకే పెట్టెలో సర్దేస్తారు. అది మంచిది కాదు. ఎందుకని?

విమానంలో సామాను రెండు రకాలు. పెద్ద పెట్టెను ఎయిర్‌పోర్టు కౌంటరులో తూకం వేసి తీసుకుంటారు. అది విమానం అడుగుభాగంలో వెళుతుంది. చేతి సంచి మనిషితోనే ఉంటుంది. చాలా విమానాల్లో ఈ సంచి 7 కిలోలు దాటకూడదు.

పెద్ద పెట్టె కౌంటరు దాటితే కంటికి కనపడదు. బెల్టు మీద పోతుంది. బండి ఎక్కుతుంది. విమానం దిగాక మళ్లీ బండి, మళ్లీ బెల్టు. ఎన్నో చేతులు మారుతుంది. చిన్న తాళం ఉంది కదా అని ధీమా పనికిరాదు. తాళం తియ్యకుండానే జిప్పును విడదీసే దొంగలున్నారు.

పోతే పరిహారం అడగవచ్చు. దీనికోసం 1999లో మాంట్రియల్ నగరంలో దేశాల మధ్య ఒక ఒప్పందం జరిగింది. 2009లో మన దేశమూ అందులో చేరింది. కానీ పరిహారానికి ఒక హద్దు ఉంది. పైగా పెట్టెలో గొలుసు ఉందని రుజువు చేయడం కష్టం. నగలు, డబ్బు పెద్ద పెట్టెలో పెట్టవద్దని చాలా కంపెనీలు టికెట్ షరతుల్లోనే రాస్తాయి.

అందుకే ఇవి చేతి సంచిలోనే ఉండాలి:

• బంగారం, అది కొన్న రసీదు
• డబ్బు, పాస్‌పోర్టు, బ్యాంకు కాగితాలు
• రోజూ వేసుకునే మందులు
• సెల్‌ఫోను, పవర్ బ్యాంకు

పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు. అది అంటుకునే ప్రమాదం ఉంది. పెద్ద సెంటు సీసాలు మాత్రం పెద్ద పెట్టెలోనే పెట్టాలి. విమానంలో చోటు లేదని ఒక్కోసారి చేతి సంచిని కూడా అడుగుతారు. అప్పుడు బంగారం, డబ్బు, పాస్‌పోర్టు, మందులు, పవర్ బ్యాంకు బయటికి తీసుకున్నాకే సంచి ఇవ్వాలి.

కౌంటరులో పెట్టెకు ఒక చీటీ అంటిస్తారు. అదే నంబరున్న చిన్న ముక్క చేతికిస్తారు. రెండు నంబర్లూ ఒకటేనా? చదివి చూసుకోవాలి. చీటీ మీద ఊరి గుర్తు కూడా ఉంటుంది. హైదరాబాద్‌కు హెచ్, వై, డి. చెన్నైకి ఎం, ఏ, ఏ. ఇవి ఇంగ్లీషు అక్షరాలు. ఊరు తప్పుంటే అక్కడే చెప్పాలి. ఆ చిన్న ముక్కను పారేయకూడదు. అదే సాక్ష్యం.

పెట్టె మీదా, లోపలా పేరు, ఫోను నంబరు రాసి పెట్టాలి. పెట్టెను ఫోనులో ఫొటో తీసుకుంటే మరీ మంచిది.

దిగాక పెట్టె రాకపోయినా, చిరిగి వచ్చినా ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాకూడదు. అక్కడే విమాన కంపెనీ వాళ్లకు ఫిర్యాదు రాసిచ్చి, నకలు తీసుకోవాలి. ఇంటికొచ్చాక పెట్టెలో వస్తువు పాడైందని తెలిస్తే 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పెట్టె ఆలస్యంగా వస్తే, చేతికందిన రోజు నుంచి 21 రోజుల గడువు ఉంటుంది. నోటిమాట చెల్లదు. కాగితం మీద రాసిందే చెల్లుతుంది.

చెప్పండి: మీ ఊరి నుంచి ఎవరైనా విమానం ఎక్కబోతున్నారా? వాళ్లకు ఈ పాఠం చదివి వినిపించండి.