జారిన చుక్క

మా టేకుమట్లల అవ్వకు రక్తపరీక్ష చేయిస్తే, ప్రైవేటు ల్యాబు కాగితంలో క్రియాటినిన్ 12 అని వచ్చింది. "కిడ్నీలు ఖరాబైనయా బిడ్డా?" అంది. ఉరికి పోయి అడిగితే మిషన్ తెర మీద 1.2! చేత్తో ఎక్కించేటప్పుడు చుక్క జారిపోయింది.

చేత్తో ఎక్కించే పని తప్పాలంటే మిషన్‌కూ కంప్యూటర్‌కూ మధ్య వైరు ఒక్కటే చాలదు, ఇద్దరికీ తెలిసిన భాష కావాలి. అలాంటి భాషల్లో ఒకటైన ఏఎస్‌టీఎం పద్ధతిలో మిషన్ పంపే సందేశంలో ‘ఆర్’తో మొదలయ్యే వరుస ఫలితానిది: పరీక్ష, విలువ, కొలమానం, మధ్యలో నిలువు గీతలు. ట్యూబు మీది బార్‌కోడ్ నంబరు ‘ఓ’ వరుసలో ఉంటుంది. ఏ రక్తం ఎవరిదో తేల్చేది అదే. (నా లెక్కన అసలు ప్రాణం ఆ స్టిక్కరే.) ఆసుపత్రి కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి హెచ్‌ఎల్7 ఉంది, 1987లో పుట్టింది.

2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకంలో పీహెచ్‌సీలో తీసిన రక్తం హబ్ ల్యాబుకు పోతుంది, ఫలితం ఫోన్‌కు వస్తుంది. అవ్వ మాత్రం ఇంకా కాగితమే అడుగుతది.