పోటు చూసుకుని బయల్దేరాలి

ఖరగ్‌పూర్ తెలుగిళ్లలో టైం టేబుల్ అన్నంతో పాటు ఒంటబడుతుంది. తాత వర్క్‌షాపులో ఫిట్టరు, తండ్రి గార్డు, కొడుకు లోకో పైలట్ అయిన ఇల్లు వీధికొకటి ఉంటుంది. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యమో అడిగితే పడుకున్నవాళ్లు కూడా లేచి చెబుతారు. అలాంటి ఊళ్లో సంక్రాంతి దగ్గరపడేసరికి మలంచా, నింపురా, మథురాకాటీ వైపు కొన్ని ఇళ్లలో ఎవరి టైం టేబుల్‌కీ లొంగని లెక్క ఒకటి మొదలవుతుంది. సంక్రాంతి స్నానానికి గంగాసాగర్ వెళ్లాలి. ముసలివాళ్లున్నారు, కాబట్టి రైళ్లు మారే పని లేకుండా కారులో వెళ్లాలి. ఏ రోజు వెళ్లాలో పంచాంగం చెబుతుంది. ఏ గంటకి బయల్దేరాలో చెప్పాల్సింది మాత్రం నది.

మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే ఖరగ్‌పూర్‌కీ గంగాసాగర్‌కీ మధ్య సుమారు 110 కిలోమీటర్లు. రోడ్డు పట్టుకుంటే అది రెట్టింపు దాటుతుంది. మధ్యలో హుగ్లీ నది సముద్రంలా వెడల్పై అడ్డం పడుకుని ఉంది. కలకత్తా నుంచి కిందికి సముద్రం దాకా దాని మీద రోడ్డు వంతెనే లేదు. అందుకని మన వాళ్లకి దారులు రెండు.

మొదటిది పెద్ద దారి. జాతీయ రహదారి 16 మీద కోలాఘాట్, ఉలుబేరియా దాటి, విద్యాసాగర్ సేతువెక్కి కలకత్తాలో దిగి, డైమండ్ హార్బర్ రోడ్డు పట్టుకుని కాక్‌ద్వీప్ దగ్గరి లాట్ నంబర్ ఎనిమిది రేవుకి చేరాలి. ఇది దాదాపు 220 కిలోమీటర్లు. దూరం కంటే కలకత్తా దక్షిణపు ట్రాఫిక్కే ఎక్కువ బాధ. బెహాలా దాటేసరికి డ్రైవరు మౌనవ్రతంలోకి వెళ్లిపోతాడు.

రెండోది అడ్డదారి. మేచేదా దగ్గర, రూపనారాయణ్ నది వంతెన ఎక్కకముందే కుడికి తిరిగితే హల్దియా రోడ్డు. హల్దియా పక్కన కుక్రాహాటీ రేవుంది. అక్కడ లాంచీ ఎక్కి హుగ్లీ దాటితే అవతల డైమండ్ హార్బరు. అక్కడి నుంచి లాట్ ఎనిమిది సుమారు నలభై కిలోమీటర్లే. కలకత్తా మొహం చూసే పనే లేదు. చిక్కల్లా లాంచీ మనుషుల్ని ఎక్కించుకుంటుంది కానీ కారుని ఎక్కించుకోదు. కారు ఇవతలి గట్టున వదిలెయ్యాలి, అవతల ఇంకో బండి మాట్లాడుకోవాలి. పైగా ఒక నదికి బదులు రెండు నదుల దయ కావాలి. కుర్రాళ్లు నలుగురైతే ఈ దారి హాయి. మోకాళ్ల నొప్పుల అమ్మమ్మతో, పులిహోర గిన్నెలతో, దుప్పట్ల మూటలతో అయితే నేను పెద్ద దారికే ఓటేస్తాను.

ఎటు నుంచి వెళ్లినా ఆఖరికి చేరేది లాట్ ఎనిమిదికే. సుందర్‌బన్స్ అడవి నరికి సాగుకిచ్చిన ఇంగ్లీషువాళ్ల కాలంలో భూమిని ముక్కలు చేసి వేసిన నంబరు అది, అలాగే మిగిలిపోయింది. రేవు ముందు మురిగంగ నది. అవతల కచుబేరియా, అంటే సాగర్ దీవి ఉత్తరపు కొస. అక్కడి నుంచి గంగాసాగర్ కపిలముని గుడికి మరో ముప్ఫై కిలోమీటర్లు దీవి మీద రోడ్డు. నది దాటడానికి పట్టేది ముప్పావు గంట లోపే. ఆ ముప్పావు గంట కోసం గంటల తరబడి కాచుకోవాల్సి రావచ్చు. నది అడుగున మేట వేసిన బురద, దిబ్బలు ఉన్నాయి. ఆటు వచ్చి నీళ్లు తీసిందంటే వెసెల్స్ కదలవు. ఇక్కడి జనం పెద్ద లాంచీల్ని వెసెల్ అనే అంటారు. సంక్రాంతి మేళా ముందు ప్రభుత్వం డ్రెడ్జర్లు పెట్టి దారి తవ్విస్తుంది, నది మళ్లీ పూడుస్తుంది.

ఐరోపాలో ఉద్యోగాలు చేసే మన పిల్లలు సెలవులకి కారులో జర్మనీ, బెల్జియం దాటి ఫ్రాన్సు కొసన కలే రేవుకి చేరి, ఫెర్రీలో కారుతో సహా డోవర్ దిగుతుంటారు. గంటన్నర సముద్రం. వాళ్లకి కంగారంతా రోడ్డు మీదే, ఎందుకంటే టికెట్టు మీద వేళ అచ్చయి ఉంటుంది, ఆ వేళకి ఓడ వెళ్లిపోతుంది. మురిగంగ దగ్గర సంగతి తిరగబడుతుంది. రోడ్డుని ఎలాగోలా లెక్క కట్టొచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఓడ సంగతి.

అందుకే ఈ ప్రయాణం ప్లాను వెనక నుంచి ముందుకి వేసుకోవాలి. ముందు నదిలో నీళ్లెప్పుడు నిండుగా ఉంటాయో చూడాలి. దాన్ని బట్టి రేవుకి ఎన్నింటికి చేరాలో, దాన్ని బట్టి ఖరగ్‌పూర్లో ఎన్నింటికి స్టార్ట్ చెయ్యాలో తేలుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మంచి ముహూర్తం చూసుకుని, తెల్లారగట్ల నాలుగింటికి కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, పదింటికి రేవుకి చేరి, సరిగ్గా నీళ్లు తీసిన వేళకి క్యూలో నిలబడతారు. తరవాత ఏర్పాట్లు బాలేవని గవర్నమెంటుని తిడతారు. ఏర్పాట్లు అన్నివేళలా బాగుంటాయని నేననను కానీ, ఆటుని ఆపే ఏర్పాటు ఏ గవర్నమెంటు దగ్గరా లేదు.

నీళ్ల లెక్క కష్టమేం కాదు. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఇవాళ పొద్దున ఏడింటికి పోటొస్తే రేపు దాదాపు ఏడూ యాభైకి వస్తుంది. అలా జరుగుతూ జరుగుతూ పక్షం తిరిగేసరికి మళ్లీ ఇంచుమించు అదే వేళకి వస్తుంది. అమావాస్యనాటి వేళ ఎంతో పౌర్ణమినాటి వేళా అంతే, ఏకాదశి నాడు ఎంతో పదిహేను రోజుల తరవాతి ఏకాదశికీ అంతే. అంటే తిథులు తెలిసిన ఇంట్లో టైడ్ టేబుల్ సగం ఉన్నట్టే. మిగతా సగానికి, అంటే ఖచ్చితమైన గంటకి, సర్వే ఆఫ్ ఇండియా ఏటేటా అచ్చు వేసే హుగ్లీ నది పట్టికలున్నాయి. సాగర్ అందులో ఒక స్టేషను. కలకత్తా రేవుకి వెళ్లే పెద్ద ఓడలు కూడా సాగర్ దగ్గర లంగరేసుకుని పోటు కోసం కాచుకుంటాయి. మన కారు ఎంతటిది!

ఇక్కడ ఒక తిరకాసుంది. సంక్రాంతి సూర్యుడి పండగ, జనవరి 14నో 15నో వస్తుంది. పోటు చంద్రుడి పని. ఇద్దరికీ పొత్తు లేదు. అందుకే ‘పోయినేడు ఎనిమిదింటికి వెసెల్ దొరికింది, ఈసారీ అలాగే పోదాం’ అన్న మాట చెల్లదు. 2025లో సంక్రాంతి పౌర్ణమి మర్నాడే వచ్చింది. పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల సాగర్ దగ్గర పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం నాలుగు మీటర్లకి పైగా తేడా పడుతుంది. పోటు నిండుగా వస్తుంది, ఆటు కూడా అంతే లోతుకి లాగుతుంది. 2026లో సంక్రాంతి ఏకాదశి నాడు పడింది, అమావాస్యకి ఇంకా నాలుగు రోజులుంది. నీళ్ల ఊపు అంత ఉండదు, వేళలూ వేరు. అష్టమి దగ్గర పడిన ఏడు ఇంకో రకం. పండగ తేదీ పెద్దగా కదలదు కానీ, దాని కింద నది ప్రతి ఏడూ కొత్తగా ఉంటుంది.

లెక్కకి అందనిది ఒకటే, పొగమంచు. జనవరి తెల్లవారుజామున మురిగంగ మీద అది దిగితే పోటు నిండుగా ఉన్నా వెసెల్స్ ఆగిపోతాయి. బంకించంద్రుడి ‘కపాలకుండల’ (1866) చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. ఆ నవల మొదలయ్యేదే గంగాసాగర్ నుంచి తిరిగొస్తున్న పడవ మంచులో దారి తప్పడంతో. వంటచెరకు కోసం గట్టెక్కిన నవకుమారుడు తిరిగొచ్చేలోపు పోటు వచ్చింది, పడవ పోయింది. బంకిం అప్పటికే మన మేదినీపూర్ జిల్లా కాంథీ తీరాన డిప్యూటీ మెజిస్ట్రేటుగా పనిచేసి ఉన్నాడు, ఆ ఇసక తిన్నెలు ఆయన చూసినవే. కథలో నవకుమారుడికి పాపం కపాలకుండల దొరికింది. లాట్ ఎనిమిదిలో వెసెల్ తప్పినవాడికి మట్టి ముంతలో టీ దొరుకుతుంది.

ఈ నదుల బెడద ఖరగ్‌పూర్ పుట్టుకలోనే ఉంది. రైళ్లు లేని కాలంలో, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న వందమందికి పైగా పరివారంతో కాశీకి బయల్దేరి, తిరుగుదారిలో కలకత్తా నుంచి జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇంటికి చేరాడు. ఏ ఊరి తరవాత ఏ నది, దాన్ని దాటడం ఎలా అని అంత శ్రద్ధగా రాసుకున్నాడంటే కారణం ఉంది. అప్పటి ప్రయాణంలో రోడ్డు సంగతి బోయీలు చూసుకుంటారు, యజమాని తలనొప్పి రేవులే. మన ఖరగ్‌పూర్ పక్కనుంచి నారాయణ్‌గఢ్, దాంతన్ మీదుగా పోయే పాత జగన్నాథ రోడ్డుకి అడుగడుగునా ఒక ఏరు.

నదుల బాధ పడలేక యాత్రికులు సముద్రం మీద వెళ్లడం మొదలెట్టారు. 1887 మే 25న కలకత్తాలో ‘సర్ జాన్ లారెన్స్’ అనే స్టీమరు పూరీ యాత్రికులతో చాంద్‌బలీ రేవుకి బయల్దేరి తుపానులో మునిగిపోయింది. ఏడువందల మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు. కలకత్తా ఛోటూలాల్ ఘాట్‌లో వాళ్ల పేరున ఇంగ్లీషు స్త్రీలు పెట్టించిన పలక ఇప్పటికీ ఉంది. అదే ఏడాది బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడడం కాకతాళీయమే కానీ, ఒడిశా తీరానికి రైలు కావాలన్న కేక ఆ విషాదంతో గట్టిపడింది. 1900 ఏప్రిల్‌లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ మీద రైలు వంతెన తెరిచారు. నాలుగేళ్లు తిరిగేసరికి ఖరగ్‌పూర్లో వర్క్‌షాపు లేచింది. కటకం నుంచి వాల్తేరు దాకా లైను కూడా అదే కంపెనీ చేతికొచ్చింది. ఆ పట్టాల వెంటే శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మన వాళ్లు కూలీలుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా వచ్చి ఇక్కడ దిగారు, ఆంధ్ర హైస్కూలు పెట్టుకున్నారు, అమ్మవారి పండగలు తెచ్చుకున్నారు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుని అధికార భాషగా గుర్తించడానికి వెనక ఉన్నది ఈ జనమే. రేవులు తప్పించడానికి వేసిన పట్టాలు లేకపోతే మనకి ఈ ఊరే లేదు. ఆ మనుషుల మునిమనవలు సంక్రాంతికి మళ్లీ రేవుకే వెళుతున్నారు!

సరే, ప్లానుకొద్దాం. కారు దీవి మీదికి తీసుకెళ్లాలా? మామూలు రోజుల్లో వాహనాలు దాటించే బార్జీ ఉంటుంది. మన నరసాపురం నుంచి సఖినేటిపల్లికి వశిష్ఠ గోదావరి దాటించే పంటులాంటిదే, కాకపోతే నది ఇంకా పెద్దది. కానీ బార్జీకి కూడా పోటే కావాలి, ఎక్కేవి కొద్ది బళ్లే. నా మాట వింటే కారు లాట్ ఎనిమిది దగ్గర పెట్టి, మనుషులు వెసెల్లో దాటి, కచుబేరియాలో బస్సో అద్దె బండో ఎక్కడం మేలు. మేళా రోజుల్లో అయితే వేరే ఆలోచనే వద్దు. రేవు దగ్గరికి సొంత బళ్లు పోనిస్తారన్న భరోసా ఉండదు, పోలీసులు చూపించిన చోట ఆపి నడవాల్సిందే. కలకత్తా బాబూఘాట్ నుంచి మేళా బస్సులు నడుస్తాయి. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకి లోకల్లో వెళ్లి ఆ బస్సెక్కడమే సుఖమని రైల్వే పాసున్న పెద్దలు వాదిస్తారు, వాళ్లది తప్పని చెప్పలేం. నామ్‌ఖానా వైపు నుంచి ఇంకో పడవ దారి ఉంది, దీవి తూర్పు పక్కన దిగొచ్చు. జనం కాస్త తక్కువ.

అన్ని తీర్థాలకీ పలుసార్లు, గంగాసాగరానికి ఒక్కసారి అని ఉత్తరాదిలో నానుడి. ఒక్కసారితో పుణ్యం చాలన్నది దాని అర్థం అంటారు. పడవ మునగకుండా రెండోసారి తిరిగొస్తామన్న నమ్మకం లేని కాలంలో పుట్టిన మాట అని నాకనిపిస్తుంది. ఇప్పుడు ఆ భయం లేదు కాబట్టి, సంక్రాంతి స్నానమే కావాలని పట్టుబట్టని వాళ్లు ఫిబ్రవరిలో ఏదో ఒక మామూలు రోజు వెళ్లడం మంచిది. ఆ నదే, ఆ సముద్రమే, ఆ కపిలమునే. గుడి మాత్రం ఎన్నోది అని అడక్కండి. పాతవాటిని సముద్రం తినేసింది, ఇప్పుడున్నది 1970లలో కట్టింది, దాని ముందున్న తీరం కూడా కోసుకుపోతూనే ఉంది.

వెళ్లడానికి ఇంత లెక్క కట్టినవాళ్లు రావడానికి కట్టరు, అసలు దెబ్బ అక్కడ తగులుతుంది. స్నానం, దర్శనం అయ్యాక లక్షల మంది ఒకేసారి కచుబేరియాకి మళ్లుతారు. వచ్చేటప్పుడు ఎక్కిన పోటు పొద్దున ఏడింటిదైతే, తరవాతది రాత్రి ఏడున్నరకి. ఆ రెంటి మధ్య ఆటు ఉంది. మధ్యాహ్నం రెండింటికి గుడి దగ్గర బయల్దేరి సాయంత్రానికి కాక్‌ద్వీప్, రాత్రికి ఖరగ్‌పూర్ అని ఎవరైనా కాగితం మీద రాస్తే ఆ కాగితం చింపెయ్యాలి. దీవిలో ఒక రాత్రి ఉండే లెక్కతోనే వెళ్లాలి. భారత్ సేవాశ్రమ సంఘం వసతి ఉంది, ఇంకా ధర్మశాలలున్నాయి, ముందే మాట్లాడుకోవాలి.

ఈ లెక్కలన్నీ ఎంతకాలం అవసరమవుతాయో మరి. బక్ఖాలీ వెళ్లే కార్లు నామ్‌ఖానా దగ్గర హాతానియా-దోయానియా నది దాటడానికి బార్జీ కోసం పడిగాపులు పడేవి. 2019లో వంతెన వచ్చింది, ఆ పడిగాపుల్ని జనం అప్పుడే మరిచిపోయారు. ఇప్పుడు మురిగంగ మీద సుమారు 5 కిలోమీటర్ల నాలుగు వరసల గంగాసాగర్ సేతువుని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. వెసెల్ ప్రయాణంలో అందం పోతుందని బాధపడే యాత్రికులు కొందరున్నారు. ఏడాదికోసారి వచ్చి ఫొటో తీసుకునేవాళ్లకి అందం కనిపిస్తుంది. సాగర్ దీవి మీద ఏడాది పొడుగూ ఉండేవాళ్లకి, అర్ధరాత్రి ఆటు వేళ పురిటి నొప్పులొచ్చిన మనిషిని కాక్‌ద్వీప్ ఆస్పత్రికి చేర్చాల్సిన వాళ్లకి, వంతెన ఎప్పుడో రావాల్సింది. అది వచ్చాక ఖరగ్‌పూర్ వాళ్లకి తేల్చుకోవాల్సింది ఒకటే మిగులుతుంది: మేచేదా దగ్గర కుడికి తిరిగి లాంచీ ఎక్కాలా, తిన్నగా పోయి బెహాలా ట్రాఫిక్ భరించాలా. నేనైతే అప్పుడు కూడా ముసలివాళ్లు వెంట లేకపోతే కుడికే తిరుగుతాను.